నలభై ఒకటో స్లయిడు

నా క్లాసులో మొదటి రోజు ఎవరినీ ఊరూ పేరూ అడగను. ఏ హైస్కూల్లో చదివారని అడుగుతాను. సెయింట్ లూయిస్‌లో పుట్టి పెరిగినవాళ్లకు ఆ ఒక్క ప్రశ్న చాలు. ఏ వీధి, ఏ చర్చి, ఇంటికి ఏ రంగు ఇటుక, అన్నీ అందులోంచే బయటపడతాయి. ఆ ఆగస్టులో ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఆ ప్రశ్నకు లేచి నిలబడి మరీ జవాబు చెప్పాడు.

"పేరు చెప్తాను గానీ మిస్ క్రాట్జ్, ఆ స్కూలిప్పుడు లేదండి. బిల్డింగుంది, లోపల స్కూలు లేదు. తూర్పు గోడ మాత్రం శుభ్రంగా ఉంది. దాని పాయింటింగు నాదే."

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. నిజం చెప్పినవాడు నవ్వడం దేనికన్నట్టు కూర్చున్నాడు.

ఆయన పేరు ఎమ్మెట్ పుల్లియమ్. వయసు అరవై ఎనిమిది. నలభై నాలుగేళ్లు ఇటుక గోడలకు పాయింటింగ్ చేశాడు. అంటే ఇటుకల మధ్య అరిగిపోయిన పాత సున్నాన్ని గీకి తీసేసి, సందుల్లో కొత్తది కూరడం. ఇటుకలతో కట్టిన మా ఊళ్లో ఆ పనికి ఏనాడూ కరువు లేదు. నేను లెనోర్ క్రాట్జ్‌ని. ఈ కమ్యూనిటీ కాలేజీలో పందొమ్మిదేళ్లుగా భవనాల చరిత్ర చెబుతున్నాను. నా క్లాసుకు ప్రేమతో వచ్చేవాళ్లు తక్కువ. నర్సింగు చదివేవాళ్లు, ఏసీ రిపేరు నేర్చుకునేవాళ్లు, మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంకే క్లాసూ దొరకనివాళ్లు వస్తారు. వాళ్లను నిద్రపోనివ్వకుండా చూడటమే సగం ఉద్యోగం. అందుకే నా నోటికి కొంచెం పదునెక్కువ.

అరవై దాటినవాళ్లకు ఫీజు లేదు కాబట్టి వచ్చారా అని పుల్లియమ్‌గారిని అడిగాను. మొహమాటం నాకు పుట్టుకతోనే లేదు.

"అదొకటి ఉందిలెండి," అన్నాడాయన. "అసలు సంగతేంటంటే, ఊళ్లో సగం గోడల మీద చెయ్యేశాను. ఒక్కదాని కథ కూడా తెలీదు. అది మర్యాద కాదు కదండీ."

అప్పటినుంచి నాకు తిప్పలు మొదలయ్యాయి. ఫ్రాన్సులోని పెద్ద చర్చి స్లయిడు వేస్తే, అంత ఎత్తుకు రాళ్లు మోసిందెవరని అడిగేవాడు. ఎవరో మేస్త్రీలండీ అనేదాన్ని. ఒక రోజు క్లాసు అయ్యాక టేబులు దగ్గరికొచ్చి, నోటు పుస్తకం తెరిచి చూపించాడు. పేజీ అంచున వరసగా చిన్న గీతలున్నాయి.

"గంటలో ఆరుసార్లు 'ఎవరో' అన్నారు మీరు. డబ్బు పెట్టిన బిషప్పు పేరుంది, బొమ్మ గీసినాయన పేరుంది. కట్టినోడు మాత్రం ఎవరో."

"వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదండీ. నేనేం చెయ్యను?"

"అదిగో, ఏడు." పెన్సిలు తీసి ఇంకో గీత గీశాడు.

ఇంకో రోజు ఇంకా పెద్ద ఇరకాటంలో పెట్టాడు. ఇటుకలు పేర్చే పద్ధతుల గురించి నేను ధాటిగా చెబుతుంటే చెయ్యెత్తాడు. "మిస్ క్రాట్జ్, మీరెప్పుడైనా ఇటుక పేర్చారా?"

"లేదు."

"పోనీ పట్టుకున్నారా?"

పందొమ్మిదేళ్ల పాఠం ఒక్కసారిగా తుస్సుమంది. తర్వాతి క్లాసుకు చక్రాల సంచీలో అయిదు ఇటుకలు లాక్కొచ్చాడు. ఒక్కొక్కరి చేతిలో పెట్టి, కళ్లు మూసుకుని తడమమన్నాడు. టేబుళ్ల నిండా ఎర్రటి పొడి పడింది. నేను గయ్యిమన్నాను. ఆయన జేబు రుమాలు తీసి, ఏమీ అనకుండా అన్ని టేబుళ్లూ తుడిచాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ నాలో నేనే నవ్వుకున్నాను. ఆ పెద్దాయనంటే నాకిష్టం ఏర్పడిపోయింది. ఆ మాట ఇప్పుడు చెబుతున్నాను గానీ అప్పుడు చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు.

ఆయన పక్కన మిర్సాద్ కూర్చునేవాడు. బోస్నియా నుంచి చిన్నప్పుడే వచ్చిన కుర్రాడు, ఇప్పుడు ముప్ఫై దాటాడు, ఏసీలు బిగిస్తాడు. క్లాసుకు ముందు ఇద్దరూ మెట్ల మీద కూర్చుని తిండి పంచుకునేవాళ్లు. మిర్సాద్ వాళ్లమ్మ చేసిన చీజు రొట్టె ఈయనకు, ఈయన వేయించుకొచ్చిన చేప అతనికి. మిర్సాద్ ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాడు.

ఆరో వారంలో నలభై ఒకటో స్లయిడు వచ్చింది.

ఆ స్లయిడంటే నాకు మహా ముద్దు. తొమ్మిదేళ్ల కిందట ఊరి ఉత్తరం వైపు ఏదో సందులో నేనే తీసిన ఫోటో. ఒక గజం గోడ, అంతే. ఇటుకల ముఖాలు పొక్కులు లేచి ఊడిపోయి, లోపలి ఎర్రటి గుజ్జు పొడిగా రాలుతుంటుంది. వాటి మధ్య సిమెంటు గీతలు మాత్రం బూడిదరంగులో, చెక్కుచెదరకుండా, ఖాళీ తేనెపట్టు గదుల అంచుల్లా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. ఏటా ఆ స్లయిడు దగ్గర నేను వేషం కడతాను.

"చూడండి ఈ ఘనకార్యం! మన పాత ఇటుక మెత్తనిది. దాని మధ్య సున్నం ఇంకా మెత్తగా ఉండాలి. వానకు తడిసిన గోడ ఆ సున్నంలోంచి ఆరుతుంది. అరిగితే సున్నం అరుగుతుంది, ఇటుక బతుకుతుంది. ఇక్కడ ఎవరో మహానుభావుడు సిమెంటు కూరాడు. నీళ్లు బయటికి పోలేక ఇటుకలోనే ఉండిపోయి, చలికాలం గడ్డకట్టి, దాని మొహం పగలగొట్టాయి. సిమెంటు బకెట్టు చేతికి దొరికిన మూర్ఖుడు నిప్పు కంటే ప్రమాదం!"

అందరూ నవ్వారు. ఏటా నవ్వుతారు. పుల్లియమ్‌గారు మాత్రం స్లయిడు వైపు చూస్తూ ఉండిపోయాడు. 'ఎవరో' అన్నందుకు గీత కూడా గియ్యలేదు. క్లాసు అయ్యాక తిండి డబ్బా కుర్చీ కింద మర్చిపోయి వెళ్లిపోయాడు. ఆ గురువారం రాలేదు. పై మంగళవారమూ రాలేదు.

డబ్బా ఇద్దామని మిర్సాద్‌ను ఆపాను. అతను దాన్ని అందుకోలేదు.

"మీరే ఇవ్వండి మిస్. ఆ గోడ ఎవరిదో మీకు నిజంగా తెలీదా?"

"ఏ గోడ?"

"స్లయిడులోది. అది బాబాయ్ వాళ్ల చర్చి పడమటి గోడ. చేసింది ఆయనే. నాకు సెప్టెంబర్లో తీసుకెళ్లి చూపించాడు, గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఇటుక ఎందుకు రాలుతోందో అప్పటికి ఆయనకీ తెలీదు. వానలెక్కువయ్యాయి అన్నాడు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ డబ్బా పట్టుకుని కారులో ఎంతసేపు కూర్చున్నానో తెలీదు.

శనివారం పొద్దున, మిర్సాద్ చెప్పిన గుర్తులు పట్టుకుని ఆ చర్చికి వెళ్లాను. చుట్టూ ఖాళీ స్థలాలు, మోకాలెత్తు గడ్డి. ఒకప్పుడు అక్కడ ఇళ్లుండేవి. మధ్యలో చర్చి ఒక్కటే నిలబడి ఉంది. పుల్లియమ్‌గారు పడమటి గోడ దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, చిన్న ఉలితో సిమెంటును గోకి చూస్తున్నాడు. నన్ను చూసి లేచి టోపీ తీశాడు. ఆ మర్యాదకు నేనింకా కుంచించుకుపోయాను.

"క్షమించమని అడగడానికొచ్చాను," అన్నాను. "నాకు తెలీదు."

"తెలీకపోతే తప్పెలా అవుతుందండీ?" అన్నాడు. "సిమెంటు పెట్టకూడదని నాకు తెలుసు. అదీ గొడవ."

తనకు పని నేర్పింది లూషియస్ మామ అని, ఆయన సున్నం తప్ప ముట్టుకోనిచ్చేవాడు కాదని, ఎందుకో మాత్రం చెప్పలేదని అన్నాడు. మరి సిమెంటు ఎందుకు పెట్టారని అడిగాను. ఆయన ఖాళీ స్థలాల వైపు చెయ్యి చూపించాడు.

"ఎనభై నాలుగులో ఈ ఒక్క వీధిలో పదకొండు ఇళ్లు పోయాయి. మీకు తెలిసే ఉంటుంది. ఖాళీ ఇంటికి నిప్పు పెడతారు ఇటుక దొంగలు. ఫైరింజనొచ్చి గొట్టాలతో నీళ్లు కొడుతుంది. పాత సున్నం కరిగి కారిపోతుంది. తెల్లారేసరికి ఇటుకలు ఏరుకుని దక్షిణాది ఊళ్లలో అమ్ముకోడానికి లారీ ఎత్తేస్తారు. సిమెంటు అంటిన ఇటుక మాత్రం వాళ్లకొద్దు, గీకినా రాదు కదా. అందుకని పెట్టాను. మావోళ్ల చర్చి ఒక్కటన్నా మిగలాలని పెట్టాను. మామ చెప్పింది గుర్తుంది. గుర్తుండే పెట్టాను."

తొమ్మిదేళ్లుగా మూర్ఖుడని చెప్పి నేను క్లాసును నవ్వించింది ఈ మనిషి గురించా అనుకుంటే కళ్లు చెమర్చాయి.

అసలు ముడి అప్పుడు చెప్పాడు. వచ్చే వసంతంలో ఆ గోడ బాగుచేయించాలని చర్చి కమిటీ అనుకుంది. ఒక కాంట్రాక్టరు వచ్చి, మళ్లీ సిమెంటే పెడతానన్నాడు. బ్రదర్ పుల్లియమ్ పని నలభై ఏళ్లు ఆగింది కాబట్టి అదే పద్ధతి మంచిదని కమిటీ కూడా అంది. డిసెంబర్లో తేల్చేస్తారు. మళ్లీ సిమెంటు పడితే ఆ గోడ పది చలికాలాలు ఆగదు. ఆపాలంటే, దాన్ని పాడు చేసింది తన చెయ్యేనని ఆయనే చెప్పాలి.

"లోపలికి రండి, ఒకటి చూపిస్తాను," అన్నాడు. తలుపు పక్కన ఇత్తడి పలక ఉంది. 'ఈ గోడను నిలబెట్టినవారు ఎమ్మెట్, క్లాడీన్ పుల్లియమ్, 1984.'

"మా ఆవిడ. ఆ వేసవంతా పరంజా కింద నిలబడి బకెట్లు అందించింది. పోయి రెండేళ్లయింది. నా పేరు పోతే పోయింది మిస్ క్రాట్జ్. దాని పక్కన ఆవిడ పేరుంది. ఆవిడ ఏం చేసిందని?"

నేను వెంటనే ఉపాయం చెప్పాను. కాలేజీ తరఫున కమిటీకి ఉత్తరం రాస్తాను, సిమెంటు వద్దని శాస్త్రప్రకారం వివరిస్తాను, ఎవరి పేరూ రాయనవసరం లేదు. చాలా తెలివైన ఆలోచన చేశాననుకున్నాను.

ఆయన పలక మీది దుమ్ము చేత్తో తుడిచాడు. "ఉత్తరంలో ఏమని రాస్తారు? ఎవరో సిమెంటు పెట్టారనా?"

నాలుక కరచుకున్నాను. డబ్బా ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను.

మంగళవారం ఆయన ముందు వరసలో ఉన్నాడు. ఆ గోడ సంగతి మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు.

నా క్లాసులో చివరి పరీక్ష రాసేది కాదు. ఒక్కొక్కరూ ఒక భవనాన్ని ఎంచుకుని, క్లాసునంతా దాని ముందుకు తీసుకెళ్లి, నిలబడి పదిహేను నిమిషాలు మాట్లాడాలి. నవంబరు చివర్లో జాబితా గోడకు అంటించాను. పుల్లియమ్‌గారు తన పేరు ఎదురుగా చర్చి అడ్రసు రాశాడు. కింద చిన్న అక్షరాలతో, 'కమిటీని కూడా పిలిచాను' అని చేర్చాడు.

డిసెంబరు మొదటి గురువారం ఎముకలు కొరికే చలి. క్లాసు పద్నాలుగు మందీ కోట్లలో ముడుచుకుని నిలబడ్డారు. పాస్టర్ బోయ్‌కిన్‌గారు, కమిటీ వాళ్లు నలుగురు వచ్చారు. మదర్ టాలివర్‌ను కుర్చీతో సహా మోసుకొచ్చి ముందు కూర్చోబెట్టారు. ఆ చర్చికి ఆవిడే పెద్దదిక్కు. తొంభై ఒక్క ఏళ్లు, తెల్ల టోపీ, మోకాళ్ల మీద రెండు దుప్పట్లు. ఆవిడ తల ఊపితే కమిటీ అంతా ఊపుతుందని మిర్సాద్ నా చెవిలో చెప్పాడు.

పుల్లియమ్‌గారు ఆదివారం సూటు వేసుకొచ్చాడు. ముందు చర్చి ఎప్పుడు కట్టారో, ఇటుకలు ఏ బట్టీవో చెప్పాడు. మట్టి తవ్వినవాళ్ల పేర్లు దొరకలేదని, రెండు నెలలు వెతికానని చెప్పాడు. తర్వాత గోడ దగ్గరికెళ్లి అరచెయ్యి ఆనించి పైనుంచి కిందికి లాగాడు. చెయ్యి అందరికీ చూపించాడు. ఎర్రగా ఉంది.

"ఇది వాన చేసింది కాదు," అన్నాడు. "ఇన్నాళ్లూ వాననే తిట్టాం. ఇది సిమెంటు చేసింది. ఆ సిమెంటు పెట్టింది నేను. మా మామ వద్దని నేర్పిన పనే చేశాను. మీరందరూ మెచ్చుకుంటే తలుపు దగ్గర పేరు కూడా వేయించుకున్నాను. క్లాడీన్‌కి ఇందులో ఏ పాపం లేదు, బకెట్లు అందించింది, అంతే. మళ్లీ సిమెంటు పెట్టించకండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

కమిటీలో ఒకాయన నేల చూపులు చూశాడు. పాస్టరుగారు ఏదో అనబోయి, మదర్ టాలివర్ వైపు చూసి ఊరుకున్నాడు.

"ఎమ్మెట్," అంది ఆవిడ. గొంతు సన్నగా ఉన్నా అందరికీ వినబడింది. "ఇలా రా నాయనా."

ఆయన వెళ్లి కుర్చీ ముందు వంగాడు.

"దొంగలు గోడ జోలికి రాకుండా గట్టిది పెట్టమని నీ ప్రాణం తీసిందెవరు?"

ఆయన ఆవిడ మోకాళ్ల మీది దుప్పటి అంచు సర్దాడు.

"నిన్నేనయ్యా. సున్నమే పెడతాను మదర్ అని నువ్వు రెండుసార్లన్నావు. నువ్వు గోడ కడుతున్నావా, చక్కెర ముద్ద పెడుతున్నావా అని నేను నలుగురిలో వెక్కిరించాను. మర్చిపోయాననుకున్నావా? వయసొచ్చింది గానీ మతి పోలేదు."

"మీ పేరెందుకు మదర్," అన్నాడాయన నేల వైపు చూస్తూ. "పెట్టింది నా చెయ్యే కదా."

"నోర్ముయ్. ఇన్నేళ్లు నన్ను దాచింది చాలు." ఆవిడ చెయ్యి చాచి, ఆయన ఎర్రటి అరచేతిని తన తెల్ల గ్లవ్సులో పట్టుకుంది. గ్లవ్సంతా ఎర్రబడింది. ఆవిడ చూసుకోలేదు. "ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"ఉన్న సిమెంటంతా తీసెయ్యాలి. మిషను పెడితే ఇటుక పోతుంది, ఉలితోనే తియ్యాలి. తర్వాత సున్నం. ఒక్కణ్నే అయితే నా జీవితం చాలదు. మనుషులుంటే రెండు వేసవులు."

"విన్నారుగా," అంది మదర్ టాలివర్ కమిటీ వైపు తిరిగి. నాలుగు తలలూ ఊగాయి.

మరి ఇత్తడి పలక సంగతి ఏం చేద్దామని పాస్టరుగారు మెల్లగా అడిగాడు. "గోడను నిలబెట్టారనేగా దాని మీదుంది?" అంది ఆవిడ. "నిలబడే ఉందిగా. ఉండనీ. ఇక ఈ చలిలో నన్ను చంపుతారా, లోపలికి తీసుకెళ్తారా?"

లోపల వంటగదిలో కోడి వేపుడు, బంగాళాదుంపలు, పీచ్ పళ్ల తీపి వంటకం వడ్డించారు. మా క్లాసు పిల్లలు ఇంట్లో తిండి లేనట్టు తిన్నారు. నేను ప్లేటు పట్టుకుని పుల్లియమ్‌గారి పక్కన కూర్చున్నాను.

"ఏ-మైనస్ వేస్తున్నాను," అన్నాను.

"మైనస్ దేనికండీ?"

"పదిహేను నిమిషాలు మాట్లాడమంటే నలభై మాట్లాడారు."

ఆయన నవ్వాడు. రెండు నెలల తర్వాత ఆయన నవ్వు చూడటం అదే. ఆ స్లయిడు తీసేస్తున్నానని, ఇక ఎప్పటికీ వెయ్యనని చెప్పాను. ఆయన ఫోర్కు కింద పెట్టాడు.

"తియ్యొద్దు. అది చూసే కదా నాకు తెలిసింది. కాకపోతే కింద పేరు రాయండి."

"ఎవరి పేరు?"

"నాదే. పందొమ్మిదేళ్లుగా ఎవరో, ఎవరో అంటున్నారు. ఈ ఒక్క గోడకన్నా ఎవరో తెలిసింది కదా."

జనవరిలో కొత్త క్లాసు మొదలైంది. పుల్లియమ్‌గారు మళ్లీ ముందు వరసలో కూర్చున్నాడు. పాసైన కోర్సుకు మళ్లీ చేర్చుకోలేమని ఆఫీసు వాళ్లంటే, మార్కులొద్దు, వినడానికే వస్తున్నానన్నాడట. ఆరో వారంలో నలభై ఒకటో స్లయిడు వేశాను. వేషం కట్టలేదు. గోడ ఎందుకు పాడైందో చెప్పాను, 1984లో ఆ వీధిలో పోయిన పదకొండు ఇళ్ల గురించి చెప్పాను. కింద తెల్లటి అక్షరాలతో 'పాయింటింగ్: ఎమ్మెట్ పుల్లియమ్, 1984' అని ఉంది.

వెనక వరసలోంచి ఒకమ్మాయి అడిగింది. "ఆయనింకా ఉన్నాడా మిస్?"

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. పుల్లియమ్‌గారు లేచి వెనక్కి తిరిగాడు.

"ఉన్నాడమ్మా. నేనే. ఆ సిమెంటంతా ఈ వేసవిలో ఉలితో తియ్యాలి. పని నేను నేర్పుతాను. మధ్యాహ్నం భోజనం చర్చిలో. వచ్చేవాళ్లు చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఆయన అలాగే నిలబడి ఉన్నాడు, తొందరేం లేనట్టు.

అందరికంటే ముందు నేనెత్తాను.